మా ఊరి అంకమ్మ తల్లి గుడికి స్థలపురాణం రాయాలి. ఏ కథ రాయమంటారు?

కాలవగట్టు
అందరికీ నమస్కారం. మాది తెనాలి వైపు, కాలవ మీద ఊరు. ఊరి పేరు ఎందుకు చెప్పటంలేదో చదివితే మీకే తెలుస్తుంది.

మా అంకమ్మ తల్లి పాత గుడి తీసేసి కొత్తది కడుతున్నారు. శ్లాబు అయింది, శిఖరం మీద బొమ్మలయ్యాయి, రంగులు మిగిలాయి. వైశాఖంలో ప్రతిష్ఠ. దానికి కరపత్రం వెయ్యాలి. అదే మ్యాటర్ నల్లరాతి పలక మీద చెక్కించి ముఖమండపంలో పెట్టాలి. నేను విజయవాడలో డీటీపీ సెంటర్ నడుపుతాను. అక్షరాలు కొట్టేవాడికి కథ రాయటం కూడా వచ్చే ఉంటుందని పెద్దలు ఈ పని నాకు అంటగట్టారు.

ఊళ్ళో మూడు కథలున్నాయి.

మా తాతయ్య చెప్పేది: నందన కరువుకి ఒక ఏడు ముందో వెనకో, ఒక రైతు మెరకచేను దున్నుతుంటే కర్రు రాయికి తగిలి నాగలి ఆగిపోయింది. ఎడ్లు కదల్లేదు. మట్టి తీసి చూస్తే రాతి మీద నెత్తురు. ఆ సాయంత్రం చాకలివాళ్ళ ఇంటి ఆడమనిషికి అమ్మవారు పూని, 'నన్ను చెరువుగట్టున వేపచెట్టు కింద పెట్టండి, మీ ఊరిని కాచుకుంటా' అంది.

రామాలయం అరుగు మీద చెప్పేది: కాలవ తవ్వేటప్పుడు పలుగుకి తగిలింది. దొరగారు తీసి అవతల పారేయమన్నాడు. ఆ రాత్రే దొరకి జ్వరం. తెల్లారి తనే కొబ్బరికాయ కొట్టి గుడికి డబ్బులిచ్చాడు. (ఈ దొర ఎవరో ఎవరూ చెప్పరు. కాలవ మీద ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఒక దొరకి జ్వరం వచ్చే ఉంటుంది.)

మూడోది ఆడవాళ్ళు చెప్పుకునేది. గర్భగుళ్ళో పెద్ద రాయి పక్కన పసుపు పూసిన చిన్న రాయి ఒకటుంది. మగవాళ్ళని అడిగితే అమ్మవారి చెల్లెలు అంటారు. ఆడవాళ్ళు మాత్రం అది ఫలానా ఇంటి కోడలు అంటారు. కరువులో ఇంట్లో దాచిన గింజలు ఆకలితో వచ్చినవాళ్ళకి పెట్టిందని అత్తింటివాళ్ళు కొట్టి గెంటారట. చెరువులో దూకింది. ఆ ఏడు ఆ ఇంట్లో ఒక్క పశువు మిగల్లేదు. అంకమ్మ చాకలి ఇంటి ఆడమనిషికి పూని 'అది నా దగ్గరికొచ్చింది, నా పక్కన కూర్చోబెట్టండి' అన్నాక ఆ చిన్న రాయి పెట్టారు. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ ఊళ్ళోనే ఉన్నారు. గుడి కమిటీలోనూ ఉన్నారు.

ఇవి చాలవన్నట్టు, పెద్ద మొత్తం ఇచ్చిన దాత ఒకాయన అమెరికా నుంచి వాట్సాప్‌లో నాలుగోది పంపారు. త్రేతాయుగంలో అగస్త్య మహర్షి దక్షిణానికి వస్తూ ఇక్కడ ఆగి అమ్మవారిని ప్రతిష్ఠించాడు, ద్వాపరంలో పాండవులు పూజించారు, స్కాందపురాణంలో ఉంది అని. ఇది వేరే ఊరి గుడి కరపత్రంలోంచి దింపింది. ఊరి పేరు మార్చారు గానీ ఒకచోట మార్చటం మర్చిపోయారు.

ఏది రాయను?

గుంటూరు_ఘాటు
అగస్త్యుడు ఆగని ఊరు మన పాత గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఉందా అసలు? పల్లెవెలుగు బస్సు కూడా అన్ని స్టాపుల్లో ఆగదు.

తులసి_తీర్థం
నవ్వులాటలు తర్వాత. నేను పొన్నూరు వైపు అర్చకుణ్ణి. బాబూ కాలవగట్టు, దాత పంపినదాన్ని అంత తేలిగ్గా తీసిపారేయకండి. ప్రతి క్షేత్రానికీ ఒక మహాత్మ్యం ఉండటం మన సంప్రదాయం. స్కాందపురాణంలో ఎన్ని క్షేత్రాల మహాత్మ్యాలు చేరాయో లెక్క తియ్యటం పండితులకే కష్టం. మా పొన్నూరు సాక్షి భావనారాయణస్వామి సంగతే చూడండి. కాశీలో మేనమామ మేనల్లుడికి పిల్లనిస్తానని స్వామి ఎదుట మాటిచ్చి, ఇంటికొచ్చాక మాట తప్పితే, సాక్ష్యం చెప్పటానికి స్వామే కాశీ నుంచి నడిచొచ్చాడు. ఇప్పుడు మీరు కాశీ నుంచి పొన్నూరుకి టిక్కెట్టు చూపించమంటే ఎవరు చూపిస్తారు? భక్తుడికి కావలసింది ఊరి దేవుడు పెద్ద దేవుడితో కలిసి ఉన్నాడన్న నమ్మకం. అగస్త్యుడి పేరు చెబితే అది కుదురుతుంది.

పల్నాటి_ప్రభ
అయ్యగారూ, మీరు చెప్పిన పొన్నూరు కథలో అగస్త్యుడు లేడు కదా. పిల్లనిస్తానని మాట తప్పిన మేనమామ ఉన్నాడు. అటువంటి మేనమామ ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. ఆ కథ అందుకే నిలబడింది.

మాది నరసరావుపేట. కోటప్పకొండ సంగతి చెబుతాను. దక్షిణామూర్తి స్వరూపం అనీ, మూడు శిఖరాలు బ్రహ్మ విష్ణు రుద్రులనీ, అందుకే త్రికూటేశ్వరుడనీ పురాణం ఉంది. ఎవరూ కాదనరు. బ్రహ్మచారి రూపం కాబట్టి స్వామికి కల్యాణం కూడా చెయ్యరు. కానీ మా ఇళ్ళల్లో పిల్లలకి చెప్పేది గొల్లభామ కథే.

ఎల్లమందలో సాలంకయ్య అని కట్టెలు కొట్టుకు బతికే భక్తుడు. అన్నదమ్ములతో కలిసి కొండ మీద శివుణ్ణి కొలిచేవాడు. ఒక జంగమదేవర ఆయనింటికి వచ్చిపోతుండేవాడు. ఉన్నట్టుండి ఆ జంగమయ్య కనపడకుండాపోయాడు. అదే రోజుల్లో కొండకావూరులో సునందుడనే యాదవుడి కూతురు ఆనందవల్లి రుద్రశిఖరం మీద తపస్సు చేసుకునే జంగమయ్యకి రోజూ కొండెక్కి సేవ చేసేది. ఒకనాడు అభిషేకానికి తెచ్చిన బిందె నీళ్ళు కాకి తోసేసింది. మా నాయనమ్మ పాలకుండ అనేది. ఆనందవల్లి కోపమొచ్చి 'ఈ కొండ మీద కాకి వాలకుండు గాక' అంది. కోటప్పకొండ మీద కాకి వాలదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

స్వామి మాయ వల్ల ఆమె గర్భవతి అయింది. అయినా కొండెక్కటం మానలేదు. నిండు నెలల్లో ఎక్కలేక, 'స్వామీ, నువ్వే కిందకి రారాదా' అని అడిగింది. 'వస్తా, నువ్వు ముందు నడువు, వెనక్కి మాత్రం తిరిగి చూడకు' అన్నాడు. బ్రహ్మశిఖరం దగ్గరకొచ్చేసరికి వెనక భూమి బద్దలయ్యేటంత చప్పుడు. తిరిగి చూసింది. ఆయన అక్కడే గుహలో చొరబడి లింగమైపోయాడు. ఆమె కూడా అక్కడే స్వామిలో కలిసిపోయింది. తర్వాత సాలంకయ్య గుడి కట్టించాడు.

రుద్రశిఖరం మీద ఉన్నది పాత కోటేశ్వరుడు, మనం వెళ్ళి మొక్కేది బ్రహ్మశిఖరం మీద. అంటే ఆ కథ లేకపోతే గుడి ఈ శిఖరం మీద ఎందుకుంది, ఆ శిఖరం మీద పాత గుడి ఎందుకుంది అన్నదానికి జవాబే లేదు. అగస్త్యుడొచ్చి ఆ జవాబు చెప్పలేడు.

చేదుకో కోటయ్యా!

గుంటూరు_ఘాటు
శివరాత్రికి కొండకి కట్టే ఎత్తైన ప్రభల సంగతి చెప్పకుండా పల్నాడు వాళ్ళు పోస్టు ముగించారంటే నమ్మలేకపోతున్నా.

పల్నాటి_ప్రభ
శివరాత్రికి రా తమ్ముడూ. మా ఊరి ప్రభ కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూడు. పైదాకా ఎలక్ట్రిక్ లైట్లు, కింద రికార్డింగ్ డాన్సు కూడా కొన్నిటికి ఉంటుంది, అది మాత్రం నాకు నచ్చదు. మీ చిలకలూరిపేట వైపు ప్రభలు మా వాటి నడుం దాకా రావు.

గుంటూరు_ఘాటు
నాది చిలకలూరిపేట అని ఎవరు చెప్పారు? అయినా పురుషోత్తపట్నం ప్రభలు చూడనివాడు ప్రభల గురించి మాట్లాడకూడదు.

నిర్వాహకుడు
ప్రభల ఎత్తు మీద ఇంతకుముందే ఒక చర్చ నడిచి తిట్లదాకా వెళ్ళి మూతబడింది. ఇక్కడ మళ్ళీ తెరవొద్దు. అంకమ్మ తల్లి గుడి గురించి మాట్లాడండి.

బ్రాడీపేట_4వ_లైను
'వెనక్కి చూడకు' అన్నది కోటప్పకొండ సొంతం కాదు. పూరీ దగ్గర సాక్షిగోపాలుడి కథలో కూడా అదే షరతు. ఇసుకలో అందెల చప్పుడు ఆగిపోతే భక్తుడు వెనక్కి తిరిగాడు, స్వామి అక్కడే నిలిచాడు. సాక్ష్యం చెప్పటానికి దేవుడు రావటం కూడా అందులో ఉంది. అంటే పొన్నూరు కథకీ అది చుట్టమే. నాగలికి రాయి తగిలి నెత్తురు రావటం, పుట్ట మీద ఆవు పాలు కార్చటం, కలలో కనపడి ఫలానా చోట ఉన్నానని చెప్పటం, ఇవి దేశమంతా తిరిగే కథలు. కాలవగట్టు గారి తాతగారి కథ కూడా ఆ మందలోదే.

కథ అరువుదైనంత మాత్రాన తప్పు లేదు. అరువు తెచ్చుకున్న కథ ఊళ్ళో దేన్ని పట్టుకుని నిలబడిందో చూడాలి. గొల్లభామ కథ రెండు శిఖరాల్ని పట్టుకుంది. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి కథలో కుమ్మరి పర్వతాలుకి స్వామి కలలో కనపడ్డాడు, పుట్టలో లింగం దొరికింది, అతను మట్టిబొమ్మలు చేసి కాల్చి స్వామికిచ్చాడు. ఆ కథ కుమ్మరి చేతిపనిని పట్టుకుంది. అగస్త్యుడి కథ మీ చెరువునీ, వేపచెట్టునీ, ఆ చిన్న రాయినీ ముట్టుకుంటుందా? ముట్టుకోదు. అందుకే ఊరి పేరు మార్చి ఎక్కడైనా అతికించగలిగారు.

మన దగ్గర ఈ రకం కథ ఎంత పాతదో చెప్పటానికి బెజవాడ యుద్ధమల్లుడి శాసనం ఉంది. నన్నయకంటే ముందుది, మధ్యాక్కర పద్యాల్లో. చేబ్రోలు నుంచి జాతరకని బెజవాడ వచ్చిన కుమారస్వామి ఇక్కడే నిలిచిపోయాడని అందులో ఉంది. మల్లపరాజు కట్టించిన గుడికి మనవడు యుద్ధమల్లుడు మరికొంత కట్టించాడు. జాతర చూడటానికి పొరుగూరు వచ్చి నచ్చి ఉండిపోయిన దేవుడు! వెయ్యేళ్ళ కిందటి రాజు రాతి మీద చెక్కించింది ఇంత మామూలు కథ. యుగాలు దాటి వెళ్ళలేదు, చేబ్రోలు దాకా వెళ్ళి ఆగాడు.

తులసి_తీర్థం
బాగుంది. కానీ అదే బెజవాడలో ఇంద్రకీలాద్రి కూడా ఉంది. కీలుడనే యక్షుడు అమ్మవారు తన మీద నిలవాలని తపస్సు చేసి కొండ అయ్యాడనీ, అర్జునుడు పాశుపతం కోసం అక్కడే తపస్సు చేశాడనీ లక్షలమంది నమ్ముతారు. అవి తీసేస్తారా?

బ్రాడీపేట_4వ_లైను
ఎందుకు తీస్తానండీ. కీలుడి కథ ఆ కొండకి కట్టుబడి ఉంది. దాని పక్కనే మాధవవర్మ కథ కూడా ఉంది కదా. రాజు కొడుకు రథం కింద పేదరాలి బిడ్డ పడి చనిపోతే, రాజు సొంత కొడుక్కి మరణశిక్ష వేశాడు, మల్లేశ్వరుడు మెచ్చి ఇద్దరినీ బతికించాడు, అమ్మవారు కనకవర్షం కురిపించింది. నాకైతే అర్జునుడి కథకంటే అదే ఎక్కువ. ఎవరిష్టం వాళ్ళది.

బెజవాడ_బాబాయ్
నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. మీ చర్చ బాగుంది గానీ కాలవగట్టు అబ్బాయి అడిగింది రాయటానికి పనికొచ్చే మాట. నాకు తెలిసింది చెబుతా.

ముందు కాలవ కథ. కృష్ణ మీద ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. పడమటి డెల్టా కాలవలు ఆ తర్వాతే పారాయి. కాబట్టి కాలవ తవ్వకంలో దొరికిందంటే అంతకు ముందు మాట కాదు. మీ తాతగారు చెప్పిన నందన కరువు 1832-33. గుంటూరు జిల్లాలో జనం మూడోవంతుకు తక్కువ కాకుండా పోయిన కరువది. ఆ కరువు చూశాకే ఆనకట్ట మాట గట్టిగా లేచింది. రెండు కథలకీ మధ్య ఇరవై ఏళ్ళ పైన తేడా. రెండూ నిజమని కూడా అనుకోవచ్చు. కరువులో వెలిసింది, కాలవ గట్టు వేసేటప్పుడు జరిపి మళ్ళీ పెట్టారు. దొర జ్వరం సంగతి మాత్రం నేను చెప్పలేను.

ఇక కాగితాలు. 1858లో ఇనాం (మాన్యం భూముల) కమిషన్ వేశారు. ఆ తర్వాత ఊరూరా తయారైన ఇనాం ఫెయిర్ రిజిస్టరు ఉంది, మా ఆఫీసుల్లో ఐఎఫ్ఆర్ అంటారు. ఏ దేవుడి పేరున ఎంత మాన్యం, ఎవరు ఏ సేవకి అనుభవిస్తున్నారు అన్నీ ఉంటాయి. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చి భూములు పట్టాలకెక్కాయి గానీ పాత రిజిస్టరు ఇప్పటికీ కోర్టులో చెల్లుతుంది. నకలు కావాలని అర్జీ పెట్టుకో. అందులో అంకమ్మ పేరున సెంటు భూమి కనపడినా ఆ నాటికి గుడి ఉన్నట్టే.

ఇంకోటి. మీ అమ్మవారి కొలుపుల్లో (జాతరలో) ఎవరెవరు ఏమేం చేస్తారో, ఏ వరసలో చేస్తారో రాసిపెట్టు. నా సర్వీసులో గుడి తగాదాలు చాలా చూశాను. భూమి తగాదా సగం, మిగతా సగం 'మొదటి కుండ ఎవరిది, మొదటి హారతి ఎవరికి'. జనం కథ మర్చిపోతారు గానీ హక్కు మర్చిపోరు.

బ్రాడీపేట_4వ_లైను
బాబాయ్ గారు చెప్పినదానికి తోడు కైఫీయతులు, అంటే ఊళ్ళ పాత చరిత్రలు కూడా చూడొచ్చు. కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు తిరిగి, ఊళ్ళ కరణాల చేత రాయించినవి. గుంటూరు ప్రాంతానివి అచ్చయ్యాయి కూడా. ముక్కంటి మహారాజు అగ్రహారం ఇచ్చాడన్న మాట ప్రతి రెండో ఊరికీ కనపడుతుంది, అది చూసి మోసపోకండి. ఎక్కువగా శివాలయం, విష్ణ్వాలయం, వాటి మాన్యాలే ఉంటాయి. గ్రామదేవత గురించి ఒక్క ముక్క దొరికినా అదృష్టమే.

కాలవగట్టు
బాబాయ్ గారూ, మీరు చెప్పాక మా అమ్మకి ఫోన్ చేసి కొలుపుల వరస రాసుకున్నాను.

చాటింపు, డప్పు ఎస్సీ కాలనీ నుంచి. వాళ్ళు వచ్చి గుడి ముందు దరువు వెయ్యకుండా ఏదీ మొదలవదు. కుమ్మరివాళ్ళు కొత్త ఘటం తెస్తారు. చాకలివాళ్ళు దివిటీ పట్టి, ఘటం ముందు నడిచి నడివీధిన చీరలు పరుస్తారు. పంబలవాళ్ళు పక్క ఊరి నుంచి వస్తారు, రాత్రంతా జమిడిక వాయించి అంకమ్మ కథ చెబుతారు. గుడి తలుపు తీసేది చాకలి ఇంటి పెద్ద. పూజారి వేరే ఉన్నా తలుపు మాత్రం ఆయనే తీస్తాడు.

మొదటి చీర... ఇక్కడ అమ్మ ఒక్క క్షణం ఆగింది. మొదటి చీర ఆ ఇంటివాళ్ళది. నేను మూడో కథలో చెప్పిన ఇల్లు. అంకమ్మకి కాదు, ఆ చిన్న రాయికి. ఆ ఇంట్లోకి కొత్త కోడలు వస్తే కాళ్ళకి పసుపు ఆరకముందే అక్కడికి తీసుకొచ్చి చీర పెట్టిస్తారు. ఎందుకని మగవాళ్ళని అడిగితే 'ఆనవాయితీ' అంటారు.

మున్నేరు_ఒడ్డు
అయితే ఇంకేం తమ్ముడూ, మూడో కథ నువ్వు అడగకముందే ఆ ఇంటివాళ్ళు ఏటేటా ఒప్పుకుంటూనే ఉన్నారు.

మాది పెనుగంచిప్రోలు. తిరుపతమ్మ తల్లి నీడన పెరిగినదాన్ని. మా అమ్మవారి కథ మొత్తం ఒక కోడలి కథే. అత్తింటి ఆరళ్ళు, కరువొచ్చి గోపయ్య పశువుల్ని తోలుకుని అడవికి పోవటం, ఆమెకి కుష్టు వచ్చిందని పశువుల కొట్టంలో పడెయ్యటం, అయినవాళ్ళు మొహం చాటేస్తే పాపమాంబ సేవ చెయ్యటం, గోపయ్య పులివాత పడటం, చివరికి ఆమె యోగాగ్నిలో కలిసిపోవటం. ఇందులో ఏదీ దాచలేదు. అత్త చేసిందీ పాడతారు, పాపమాంబ చేసిందీ పాడతారు. అత్తింటి ఊళ్ళోనే గుడి. పరువు పోయిందని ఎవరూ అనుకోలేదు. తిరునాళ్ళకి ఎన్ని వేలమంది వస్తారో మీకు తెలుసు. రెండేళ్ళకోసారి అమ్మవారినీ గోపయ్యస్వామినీ జగ్గయ్యపేట తీసుకెళ్ళి రంగులు వేయించి తెస్తుంటే దారిపొడుగునా ఊళ్ళకి ఊళ్ళు వచ్చి నీళ్ళు వారు పోస్తాయి.

తమ్ముడూ, నువ్వు అరుగు మీద మగవాళ్ళని అడిగావు, మీ తాతని అడిగావు. చాకలి ఇంటి పెద్దావిడని అడిగావా? అమ్మవారు పూనింది ఆ ఇంట్లోనే కదా, మొదటి కథలోనూ మూడో కథలోనూ మాట్లాడింది ఆ ఇంటి ఆడమనిషి నోటితోనే. పంబలవాళ్ళ పాటలో కోడలి ప్రస్తావన ఉందేమో విన్నావా?

తులసి_తీర్థం
అమ్మా, మీరు చెప్పింది కాదనను. పేరంటాలు (ఇలా చనిపోయి దేవతైన ఇల్లాలు) కూడా అమ్మవారే, సందేహం లేదు. నా అనుమానం వేరు. తిరుపతమ్మ తల్లి కథలో అందరి పేర్లూ తెలిసినా ఇప్పుడు బాధపడేవాళ్ళెవరూ లేరు. ఇక్కడ ఆ ఇల్లు ఎదురుగా ఉంది. ఆ ఇంటి పిల్లకి సంబంధం చూడటానికొచ్చినవాళ్ళు ముందు గుడికే వస్తారు. పలక మీద 'ఈ ఇంటివాళ్ళు కోడల్ని చంపారు' అని చదివితే? కరపత్రమైతే నాలుగు రోజుల్లో చిత్తుకాగితం అవుతుంది. రాయి అలా కాదు.

గుంటూరు_ఘాటు
అయ్యగారితో నేను ఏకీభవించే రోజు వస్తుందనుకోలేదు. రాయి మీద ఇంటిపేరు చెక్కితే ప్రతిష్ఠ రోజే తలకాయలు పగులుతాయి.

పల్నాటి_ప్రభ
ఇంటిపేరు లేకుండా రాస్తే? అందరికీ తెలిసిందే కదా.

బెజవాడ_బాబాయ్
తెలిసుండటం వేరు, చెక్కించటం వేరు. నేను చెప్పేది ఒకటే. ఆ ఇంటివాళ్ళని అడక్కుండా ఒక్క అక్షరం వెయ్యొద్దు. అడిగేటప్పుడు కమిటీలో ఉన్న మగమనిషిని ముందు అడగొద్దు, ఆయన వద్దంటే అక్కడితో తలుపు మూసుకుపోతుంది. చీర పెట్టే ఆడవాళ్ళని అడుగు.

మున్నేరు_ఒడ్డు
నువ్వు కాదు, మీ అమ్మని అడగమను.

కాలవగట్టు
రాయటం ఆలస్యమైంది. పండక్కి ఊరెళ్ళినప్పుడు అమ్మ, నేను తిరిగాం.

చాకలి ఇంటి పెద్దావిడకి తొంభై దాటాయి. మాట తేటగా ఉంది. నాగలి కథ అడిగితే 'అది మగాళ్ళు చెప్పుకునేది' అని తీసిపారేసింది. కోడలి కథ మాత్రం పాటగా పాడింది. మొత్తం రాదు, మధ్యలో చరణాలు పోయాయి. గింజలు పెట్టింది ఎవరికో పాటలో ఉంది: డప్పు కొట్టేవాళ్ళ ఇళ్ళకి. కాలనీ డప్పు లేకుండా కొలుపు ఎందుకు మొదలవదో మా ఊళ్ళో ఎవరినడిగినా 'మొదట్నించీ అంతే' అనేవాళ్ళు. కాలనీలో ఒక పెద్దాయనని అడిగాను. 'మా వాళ్ళకి అన్నం పెట్టి చచ్చిపోయిన తల్లి. ఆమెకి వేస్తాం మొదటి దరువు, అంకమ్మకి రెండోది' అన్నాడు. ఇన్నేళ్ళు నేను విన్నది రెండు దరువులని కూడా నాకు తెలీదు.

తర్వాత ఆ ఇంటికి వెళ్ళాం. నేను బయట అరుగు మీద కూర్చున్నాను, అమ్మ లోపలికెళ్ళింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ ఇంటి నడిపి కోడలు (హైదరాబాదులో ఉద్యోగం, పండక్కి వచ్చింది) బయటకొచ్చి నాతోనే చెప్పింది: 'పెళ్ళైన రోజే మా అత్తగారు నాకు చెప్పారండీ ఈ సంగతి. చీర పెట్టేటప్పుడు చెవిలో చెబుతారు. ఆవిడకి కూడా అలాగే చెప్పారట. ఇంటిపేరు వెయ్యకండి. ఆవిడ అన్నం పెట్టిందని మాత్రం వెయ్యండి.'

మామగారు మాత్రం ఇంకా ఏమీ అనలేదు. అవునని గానీ కాదని గానీ.

మున్నేరు_ఒడ్డు
చెవిలో చెబుతారా! అత్త కోడలికి! తమ్ముడూ, ఇది చదివి నాకు ఒళ్ళు జలదరించింది.

బ్రాడీపేట_4వ_లైను
ఆ పెద్దావిడ పాట ఫోన్‌లో రికార్డు చేశారా? చెయ్యకపోతే ఈ వారమే మళ్ళీ వెళ్ళండి. చరణాలు పోయినా పర్వాలేదు, ఉన్నది ఉన్నట్టు. పంబలవాళ్ళది కూడా.

కాలవగట్టు
చేశాను. సగం ఆడియోలో మా అమ్మ ఏడుపే వినపడుతోంది.

ముసాయిదా పెడుతున్నాను, చూడండి:

'శ్రీ అంకమ్మ తల్లి. నందన కరువు నాటి రోజుల్లో ఈ ఊరి చెరువుగట్టున వేపచెట్టు కింద అమ్మవారు వెలిశారని పెద్దలు చెబుతారు. ఆ కరువులో ఆకలితో వచ్చినవారికి తన ఇంటి గింజలు పెట్టి, ఆ కారణంగా ప్రాణం విడిచిన ఒక ఇల్లాలిని అమ్మవారు తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. కొలుపుల్లో మొదటి దరువు, మొదటి చీర ఆమెవే. కాలవ తవ్వకం నాడు గుడిని ఇప్పుడున్న చోటికి జరిపారని మరికొందరు చెబుతారు. తలుపు తీసే హక్కు రజకులది, ఘటం కుమ్మరులది, దరువు కాలనీ వారిది, కథాగానం పంబలవారిది.'

తులసి_తీర్థం
బాగా వచ్చింది. పైన ఒక ధ్యానశ్లోకం వేసుకోండి, నేను పంపుతాను. హక్కుల వరస తప్పకుండా ఉంచండి. తిరుమలలో కూడా సుప్రభాతానికి తలుపు తీసేవేళ ముందు అడుగు సన్నిధి గొల్లదే. ఎంత పెద్ద గుడైనా మొదటి అడుగు ఎవరిదో రాసిపెట్టుకునే ఉంటుంది. అన్నట్టు దాతగారికి ఏం చెప్పారు?

కాలవగట్టు
ఆయన పేరు పలక కింద వేరే వరసలో పెద్ద అక్షరాలతో వేస్తామన్నాం. అగస్త్యుడు లేడేంటని అడిగారు. పాట ఆడియో పంపాను. విన్నారో లేదో, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

గుంటూరు_ఘాటు
అక్షరాలు పెద్దవైతే చాలు, అగస్త్యుణ్ణి మర్చిపోతాడు.

బెజవాడ_బాబాయ్
'ఆ కారణంగా ప్రాణం విడిచిన' దగ్గర ఆ మామగారు అడ్డుపడతాడు, చూసుకో. 'చెరువులో కలిసిన' అని మార్చితే ఒప్పుకోవచ్చు. 'జరిపారని మరికొందరు చెబుతారు' అన్నది రిజిస్టరు నకలు వచ్చేదాకా పక్కన పెట్టు. అర్జీ పెట్టావా?

మున్నేరు_ఒడ్డు
వద్దు బాబాయ్ గారూ, 'ఆ కారణంగా' ఉండాలి. అది తీసేస్తే ఆమె కాలు జారి పడినట్టుంటుంది.

కాలవగట్టు
అర్జీ సోమవారం పెట్టాను. ఆ రెండు ముక్కల సంగతి ఆదివారం రామాలయం దగ్గర తేలుస్తాం. ఈసారి అరుగు మీద ఆడవాళ్ళు కూడా కూర్చుంటారని మా అమ్మ ఇప్పటికే ఊరంతా చెప్పేసింది. చెక్కేవాడు అక్షరానికి ఇంతని తీసుకుంటాడు, కాబట్టి ఇంకెవరైనా ఏదైనా తీసెయ్యమనేది ఉంటే శనివారం లోపు చెప్పండి. కలపమనేది ఉంటే ఎంత చిన్నదైతే అంత మంచిది.